ముడి విప్పిన జెండా

మా అత్త పుణ్యవతికి పొద్దున ఇచ్చిన కాఫీ గ్లాసు పెట్టిన చోటే ఉంది. పైన మీగడ కట్టింది. మీగడ మీద సన్నటి దుమ్ము.

"తాగండత్తా. చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేసిస్తాను."

"చచ్చినోళ్ళకు కాఫీ ఎందుకులే."

గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరగలేదు. నిన్న సాయంత్రం నుంచి ఆ ఒక్క మాటే. మంచం కింద ఆ కాగితం పడి ఉంది. తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. నా కొడుకు చైతన్య, ఐదేళ్ళవాడు, వాళ్ళ అవ్వ బొమ్మ వేసినాడు. తెల్ల చీర, ముక్కుపుడక, ముడిచిన కొప్పు, అన్నీ ఉన్నాయి. మొహానికి మాత్రం పాలకూర రసం పూసినాడు. ఆకుపచ్చ మొహం. పెదాలు కూడా ఆకుపచ్చే.

"ఐదేళ్ళ పిల్లోడు ఏదో రంగు పూస్తే దానికి అన్నం మానేస్తారా?"

"ఐదేళ్ళోడు కాబట్టే చెప్తాండా. ఆ వయసులో కనపడతాయి. మీ మామను బాయిలోంచి పైకి తీసినప్పుడు మొగం ఇదే రంగు. వాడు పుట్టకముందు మాట. వాడికెవరు చెప్పినారు?"

ఎవరు చెప్పినారో నాకు తెలిసి ఉంటే నిన్న వాడిని కొట్టి ఉండేదాన్నే కాదు.

చైతు వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెంప మీద నా వేళ్ళ గుర్తులు రాత్రికే పోయినాయి. నాకు మాత్రం ఇంకా కనపడుతూనే ఉన్నాయి.

"చైతూ, అవ్వకు ఆ రంగు ఎందుకేసినావు నాయనా?"

"అవ్వ రంగే కదమ్మా."

"అవ్వ ఆ రంగులో ఉంటుందా?"

వాడు తలుపులోంచి అవ్వను చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు. మళ్ళీ కొడతానేమోనని చెంప మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు కూడా అదే రంగు," అన్నాడు మెల్లగా.

లోపల మా అత్త దుప్పటి తల మీదికి లాక్కున్న చప్పుడు వినబడింది.

గురువారం స్కూల్లో వాడికి ఇంటర్వ్యూ. రంగులు అడుగుతారని మేడ మీద అద్దెకుండే జయలక్ష్మి గారు చెప్పినారు. "రంగుల డబ్బాలు కొననక్కర్లేదండీ. వంటింట్లో లేని రంగేముంది చెప్పండి. పిల్లాడి చేత చేత్తో పూయించండి, జన్మలో మర్చిపోడు," అన్నారు. ఆమె చెప్పినట్టే పది రోజులుగా వంట కాగానే నాలుగు గిన్నెలు సర్దుతున్నాను. పసుపు నీళ్ళు, కుంకుమ కలిపిన గంజి, పాలకూర రసం, నీలిమందు. నేను చదివింది ఏడో తరగతి. మా ఆయన ఆంజనేయులు కంప్యూటర్ ఆఫీసుల వాళ్ళను ఎక్కించుకొచ్చే వ్యాను తోలుతాడు. ఇంగ్లీషు మా వల్ల కాదు, రంగులన్నా నేర్పలేమా అనుకున్నాను.

పేర్లు గడగడా చెప్పేస్తాడు. యెల్లో, రెడ్, గ్రీన్, బ్లూ. ఏ గిన్నె మీద చెయ్యి పెడితే ఆ పేరు. బొమ్మ వెయ్యమంటేనే ఇట్లా. మొన్న వేపచెట్టుకు ఆకులన్నీ కుంకుమతో వేసినాడు. చెట్టు నిలువునా నెత్తురు కారుతున్నట్టుంది. ఆ కాగితాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టేసినాను.

ఒక బొమ్మ మాత్రం వాడు రోజూ వేస్తాడు. మా వీధి చివర గుట్ట. గుట్ట ముందర మా తమ్ముడు ఓబులేసు. రెండు చేతుల్లో రెండు జెండాలు. రెండూ ఒకే రంగు.

"ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది కదరా," అంటే, "రెండూ అట్లనే ఉంటాయమ్మా," అంటాడు.

*

ఓబులేసు మదనపల్లె నుంచి వచ్చి నెల కాలేదు. మా దగ్గరే ఉంటున్నాడు. కంప్యూటర్ ఆఫీసుల కోసం కట్టిన గుండ్రటి పెద్ద బిల్డింగు తెరిచినప్పటి నుంచీ మాదాపూర్‌లో గుట్ట అన్నది మిగలకుండా పేల్చి చదును చేస్తున్నారు. మా వీధి చివర గుట్ట దగ్గర వాడికి జెండా పని దొరికింది.

రోజూ పన్నెండున్నరకు మందు పేలుస్తారు. మొదటి విజిల్‌కు కూలీలు పక్కకు పోవాలి. రెండో విజిల్‌కు ఓబులేసు మలుపులో నిలబడి ఎర్ర జెండా ఎత్తాలి, వచ్చే బండ్లన్నీ ఆగాలి. మూడో విజిల్‌కు పేలుతుంది. రాళ్ళు పడటం ఆగినాక ఆకుపచ్చది ఎత్తుతాడు. అప్పుడు ముందుగా కదిలేది ఎక్కువగా మా ఆయన వ్యానే. రెండో షిఫ్టు వాళ్ళను ఎక్కించుకుని సరిగ్గా ఆ వేళకే ఆ మలుపుకు వస్తాడు.

పేలిన ఐదు నిమిషాలకు దుమ్ము వస్తుంది. మెల్లగా, నడిచి వచ్చినట్టు వస్తుంది. మందారపూలు, దండెం మీద చీరలు, మా మొహాలు, అన్నీ ఒకటే రంగైపోతాయి. మేమందరం ముక్కులు మూసుకుని లోపలికి పోతాం. చైతు మాత్రం వసారాలో నిలబడి చప్పట్లు కొడతాడు. "ఇప్పుడు అందరికీ కనపడతాది," అంటాడు. ఏం కనపడతాదిరా అంటే చెప్పడు.

పోయిన బుధవారం పేలుడు పది నిమిషాల ముందే వినబడింది. నేను చెప్పులు కూడా లేకుండా పరుగెత్తిపోయినాను. అక్కడ ఏమీ కాలేదు. కూలీలందరూ నన్నే చూస్తున్నారు. మేస్త్రీ మొగిలి నా ముందరే మా తమ్మునితో అన్నాడు.

"ఏందిర, అక్క కొంగు పట్టుకొని వస్తవా పనికి? మల్లొక్కసారి ఈమె ఇక్కడ కనపడితే నువ్వు తెల్లారి నుంచి రాకు."

ఆ సాయంత్రం అన్నం ముందర కూర్చుని ఓబులేసు నాకు దండం పెట్టినాడు.

"అక్కా, ఏమన్నా కానీ, నువ్వు రావొద్దు. ఈ పని పోతే నాకు ఇంకో పని దొరకదు."

"ఎందుకు దొరకదురా? ఇరవై రెండేళ్ళోడివి. రాయిలాగా ఉండావు."

వాడు ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు.

రెండేళ్ళ కిందట పోలీసు ఉద్యోగానికి పోయి తిరిగొచ్చినప్పుడు కూడా ఇట్లనే కలిపినాడు. పరుగులో పోయిందక్కా అన్నాడు. మా ఊర్లో వాడిని పరుగులో పట్టుకున్న వాడు లేడు. ఆ రోజు నేను అడగలేదు. ఏం వినాల్సి వస్తుందోనని నాకు అన్నీ అడగాలంటే భయం.

నిన్న ఆదివారం, పేలుడు లేదు. వాడి సంచిలో జెండాలు రెండూ దుమ్ముతో అట్టకట్టి ఉంటే తీసి ఉతికినాను. ఒకదాని మూలకు గట్టిగా ముడి వేసి ఉంది. ముడి దగ్గర గుడ్డ చినుగుతోంది. విప్పి సాపు చేసి, రెండింటికీ అంచు మడిచి కుట్టినాను. ఉతికి కుట్టినాక చూడముచ్చటగా ఉన్నాయి.

ఈ పొద్దున వాడు దండెం దగ్గర చాలాసేపు నిలబడినాడు. రెండు జెండాల మూలలూ వేళ్ళతో తడిమినాడు. మళ్ళీ తడిమినాడు.

"అక్కా, ఒకదానికి ముడి ఉండె."

"విప్పినాను. చినిగిపోతా ఉంటే. కుట్టు బాగుంది కదా?"

"బాగుంది."

"మరి మొగం ఎందుకట్ల పెట్టినావు?"

"ఏం లేదులేక్కా. నువ్వు పో, సంగటి మాడతాదేమో."

నేను సంగటి కెలికి వచ్చేసరికి వాడు చైతు ముందర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ చెవులు కొరుక్కుంటున్నారు. నన్ను చూసి లేచినాడు. సంచి భుజాన వేసుకుని, సంగటి తినకుండానే పోయినాడు.

అత్త తినలేదు, తమ్ముడు తినలేదు. నేను కుండ మీద మూత పెట్టి కూర్చున్నాను.

*

పదకొండున్నరకు ఇంటి ఓనరు సత్తెమ్మ చేట పట్టుకుని వచ్చింది. చేట నిండా మిరపకాయలు.

"నాగమణీ, జర ఇవి ఏరి పెట్టు. పండువి ఒక దిక్కు, పచ్చివి ఒక దిక్కు. తొక్కు పెడదామంటే నా కండ్లు ఆనుతలేవు." లోపలికి తొంగి చూసింది. "ముసలామె ఇంక లేవలేదా? ఏం పరేషాన్ వచ్చింది మీకు? నిన్నటి సంది ఇల్లంత సప్పుడు లేదు."

"పిల్లోడు బొమ్మ వేసినాడని..."

"ఏ బొమ్మ? గిదా?"

వసారాలో ఆరేసిన కాగితం తీసింది. అది అవ్వ బొమ్మ కాదు. పొద్దున వేసిన గుట్ట బొమ్మ. ఈసారి గుట్ట నడుమ ఉన్న పెద్ద రాతిగుండును కాగితం నిండా వేసి, దాని ఒళ్ళంతా కుంకుమ పూసినాడు. ఇంకా పూర్తిగా ఆరలేదు.

సత్తెమ్మ ఆ కాగితాన్ని కింద పెట్టేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"గుండుకు కుంకుమ పూస్తరని మీ పిలగానికి ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదే. ఎందుకు?"

"మా అత్త ఉన్నప్పుడు పూస్తుండె. గిట్లనే, ఒక్క చోటు సందు లేకుండ. బోనం పెడుతుండె. అది కూసున్న ఆడిమనిషి లెక్క ఉంటది, చూసినవా ఎన్నడన్న? మా అత్త పోయినంక ఎవ్వరు పోలే. ఇరవై ఏండ్లాయె." గొంతు తగ్గించింది. "ఇన్ని దినాలు దాన్ని ముట్టకుండ చుట్టూ కొట్టిండ్రు. ఇయ్యాల దాని కాళ్ళ కాడ బొక్కలు కొడుతున్నరట. ఇయ్యాల పేలేది అదే."

చైతు తల ఎత్తి సత్తెమ్మను చూసినాడు.

"అది కుంకుమ రంగు కాదు సత్తెమ్మవ్వా. బండ రంగే," అన్నాడు.

సత్తెమ్మ చేట నా దగ్గరే వదిలి గేటు వేసుకుని పోయింది.

*

దిష్టి తీస్తే అత్త మనసు కుదుటపడుతుందేమో అనిపించింది. కుంకుమ గిన్నె తీసుకుపోయి, కొంచెం నీళ్ళలో కలిపి, మంచం చుట్టూ తిప్పి బయట పోసినాను. ఆమె కళ్ళు తెరవలేదు. గిన్నె తెచ్చి చాప మీద మిగిలిన గిన్నెల పక్కన పెట్టి, చైతును పిలిచినాను.

"రా నాయనా. ఒకసారి చెప్పు, చాలు. కొట్టను."

వాడు వచ్చి మఠం వేసుకుని కూర్చున్నాడు. వేలు పెట్టి చూపిస్తూ అన్నాడు.

"యెల్లో. రెడ్. గ్రీన్. బ్లూ."

రోజూ చెప్పినంత హాయిగా చెప్పినాడు. కానీ రెడ్ అన్నప్పుడు వాడి వేలు పాలకూర రసంలో ఉంది.

నేను గిన్నెలు చూసినాను. రోజూ నేను పెట్టే వరుస పసుపు, కుంకుమ, పాలకూర, నీలం. ఈ రోజు కుంకుమ గిన్నె తీసి, తిరిగి పెట్టడంలో పాలకూరకు అటుపక్కన పెట్టినాను.

"సరిగ్గా చూసి చెప్పు."

"చూసే చెప్పినా. యెల్లో, రెడ్, గ్రీన్, బ్లూ."

గిన్నెలు నాలుగూ కలిపేసి తిప్పి పెట్టినాను. పసుపు ఎక్కడున్నా పట్టుకున్నాడు. నీలం పట్టుకున్నాడు. మిగిలిన రెండింటి ముందర ఆగిపోయినాడు. వంగి వాసన చూసినాడు. నా మొహం చూసినాడు, అందులో జవాబు ఏమన్నా ఉందేమోనని.

"ఏది ముందర పెట్టినావమ్మా?" అన్నాడు. "ముందరది రెడ్."

నా చెవుల్లో ఏదో ఊదినట్టయింది. చేట లాగి వాడి ముందర పెట్టినాను.

"ఇందులో పండినవి ఏరు."

వాడు ఒక్కొక్క కాయ తీసి బొటనవేలితో నొక్కి చూసినాడు. మెత్తగా ఉన్నది ఒక పక్క. గట్టిగా ఉన్నది ఒక పక్క. చూపు కాయ మీద లేదు. బొటనవేలి మీద ఉంది.

ఆ నొక్కడం నేను ఇంతకుముందు చూసినాను. మా నాయన టమాటాలు అట్లనే నొక్కి గంపలో వేసేవాడు. ఎదురుగా ఎర్రగా కనపడుతుంటే నొక్కడమెందుకు నాయనా అని అడిగితే నవ్వేవాడు. మండీలో వాళ్ళు ఆయన చేతికి చూపుంది అనేవాళ్ళు. మేమూ అదే అనుకున్నాం. ఆయన పోయి ఆరేళ్ళు. నా ముందర చాప మీద కూర్చుని, మా నాయన బొటనవేలు మిరపకాయ నొక్కుతోంది.

మా నాయనకు. ఇప్పుడు నా కొడుక్కు. మా అమ్మ కూడా ఆయనకు అక్క కూతురే, ఒకే నెత్తురు. నడుమ ఇంకెవరు?

దండెం దగ్గర నిలబడి జెండాల మూలలు తడిమిన చెయ్యి గుర్తొచ్చింది. పోలీసు ఉద్యోగం పోయింది పరుగులో కాదు, కళ్ళ పరీక్షలో.

"చైతూ." చేటను పక్కకు జరిపినాను. "పొద్దున మామ నిన్ను ఏమడిగినాడు?"

"చెప్పకూడదు. మామకు ఒట్టేసినా."

"నేను మామకు చెప్పనులే."

"కొడతావు."

"కొట్టను. నీ మీద ఒట్టు."

వాడు మిరపకాయను అటూ ఇటూ తిప్పినాడు. "దండెం చూపించి, నువ్వు రంగులు బాగా నేర్చినావు కదా అల్లుడా, అందులో ఎర్రది ఏదో చెప్పు అన్నాడు. మామకు రాదంట. పాపం అంత పెద్దోడికి రాదంట."

"నువ్వు చెప్పినావా?"

"చెప్పినా. మామ దానికి ముడి వేసుకున్నాడు. శభాష్ అన్నాడు."

"ఏది చెప్పినావు నాయనా?"

"ముందరది," అన్నాడు. "ముందరది రెడ్. తర్వాతది గ్రీన్."

దండెం మీద నిన్న నేనే ఆరేసినాను. ఎర్రది రంగు దిగుతుందేమోనని అత్త తెల్ల చీరలకు దూరంగా, బాత్రూం గోడ వైపు చివరికి వేసినాను. వసారా వైపు నుంచి చూస్తే ముందర ఉన్నది ఆకుపచ్చది.

గోడ గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలు.

*

చెప్పుల కోసం వెతుకుతుంటే మంచం కిర్రుమంది.

"యాడికి?"

"గుట్ట కాడికత్తా."

"మళ్ళీనా?" నిన్నటి నుంచి మొదటిసారి ఆమె ఇటు తిరిగింది. "వాడి పని పోగొట్టేదాకా నీకు నిద్ర పట్టదా? వాడు నీకు దండం పెట్టి చెప్పలేదా?"

"ఈసారి అట్ల కాదు."

"ఏసారైనా నువ్వు చెప్పేది అదే. వాన పడితే గోడ కూలతాదంటావు. వ్యాను ఆలస్యమైతే బోల్తా పడిందంటావు. నీ మనసులో రోజూ ఎవరో ఒకరు చస్తానే ఉంటారు."

ఆ మాటకు నా కాళ్ళు ఆగినాయి. నిజమే. బుధవారం కూడా నాకు ఇంత గట్టిగానే అనిపించింది. వాడు పనికాడ ఇంకెవరినైనా అడిగి ఉంటే? ముడి మార్చి కట్టుకుని ఉంటే? నేను పోయి, మొగిలి నన్ను చూసి, అక్కడికక్కడే వాడిని పంపించేస్తే? కళ్ళ సంగతి నలుగురిలో తెలిసిపోతే, వాడు ఈ ఊర్లో ఇంక ఏ పనికి నిలబడతాడు?

"ఓబులేసుకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదత్తా. చైతుకూ తెలియదు. పుట్టుకతోనే. మా నాయనకు కూడా తెలియదు. నాకు ఇప్పుడే అర్థమైంది. ఎవరికీ చెప్పుకోలేదు ఆయన."

మా అత్త లేచి కూర్చుంది. జుట్టు ముడి ఊడి భుజం మీద పడింది.

"మీ పెళ్ళిలో," అంది. "వియ్యపరాలికి ఎర్రంచు తెల్లచీర పెట్టమని కబురు చేస్తే, మీ నాయన ఆకుపచ్చ అంచుది తెచ్చి పెట్టినాడు. మొగుడు పోయిన దానికి ఎరుపేంటని నన్ను ఎగతాళి చేసినాడనుకున్నా. ఏడేళ్ళుగా అదే అనుకుంటా ఉండా."



ఆమె మంచం కిందికి వంగి తన బొమ్మ తీసుకుంది. ఆకుపచ్చ మొహాన్ని వేలితో తాకింది. "అయితే వాడికి నేను మామూలుగానే కనపడినానా?"

"మామూలుగానే కనపడినారత్తా."

అప్పుడు మొదటి విజిల్ వినబడింది. వీధి కుక్కలు మా గేటు కింద దూరి లోపలికి వచ్చేసినాయి.

"పన్నెండున్నర కూడా కాలేదే," అన్నాను.

"నా కొడుకు వ్యాను ఆ మలుపుకే కదా వచ్చేది?"

"ఆ మలుపుకే."

ఆమె నా చెప్పులు కాలితో నా వైపు తోసింది. "ఏసుకుని పో. రాళ్ళు కాలతా ఉంటాయి."

*

గేటు దాటేసరికి వెనక చిన్న అడుగుల చప్పుడు. గుండు బొమ్మ పట్టుకుని చైతు పరుగెత్తుకొస్తున్నాడు. "మామకు చూపిస్తా," అంటున్నాడు. ఇంటికి తిప్పి పంపే వ్యవధి లేదు. చంకన వేసుకుని పరుగెత్తినాను.

వీధిలో ఒక్క మనిషి లేడు. ఎండకు రోడ్డు తెల్లగా మెరుస్తోంది. గుట్ట దగ్గర కూలీలు పక్కకు పోయినా ఇంకా ఆపని మిషను మోత తప్ప ఏ శబ్దమూ లేదు. ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు.

మా వీధి రోడ్డులో కలిసే చోట నిలబడితే మలుపు కనపడుతుంది. ఇటు ఓబులేసు, నా వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అటు నుంచి వచ్చి, మొదటి విజిల్ విని ఆగిన మా ఆయన వ్యాను. అద్దాల వెనక కంప్యూటర్ ఆఫీసు పిల్లలు, ఒళ్ళో టిఫిను డబ్బాలు. పక్కన గుట్ట. గుట్ట నడుమ ఆ గుండు. సత్తెమ్మ చెప్పేదాకా నేను ఎన్నడూ పట్టించి చూడలేదు. నిజంగానే ఎవరో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, రోడ్డు మీదికి చూస్తున్నట్టే ఉంది. ఆమె పాదాల దగ్గర నుంచి వైర్లు పోతున్నాయి.

మిషను ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఆ ఊర్లో ఎప్పుడూ వినలేదు. నోరు తెరిచినాను. పరుగుకు గొంతు ఎండిపోయి గాలి తప్ప మాట రాలేదు.

రెండో విజిల్.

ఓబులేసు సంచిలో చెయ్యి పెట్టినాడు. చూడలేదు. తడిమినాడు. వేళ్ళకు ముడి తగిలినట్టుంది, భుజాలు కొంచెం కిందికి దిగినాయి. మనిషికి ధైర్యం వచ్చినప్పుడు అట్లా దిగుతాయి.

జెండా ఎత్తినాడు.

"అమ్మా, మామ ఎర్రది ఎత్తినాడు." చైతు నా చంకలో ఎగిరినాడు. "నేనే చెప్పినా. నేనే."

ఓబులేసు తల మీద రెపరెపలాడుతున్నది పాలకూర రంగు. నేను కుట్టిన అంచు తిన్నగా, చక్కగా ఉంది.

పేలకముందే బండిని దాటిస్తున్నాడని మా ఆయన అనుకున్నాడేమో, వ్యాను ఇంజను అందుకుంది.

చైతు చేతిలోంచి కాగితం గుంజినాను. కాగితం నిండా కుంకుమ. వాడిని కిందికి దించి, దాన్ని రెండు చేతులతో తల మీదికి ఎత్తి, రోడ్డు నడిమికి పోయి నిలబడినాను. వాడు కింద నా చీర పట్టుకుని, "చినిగిపోతాదమ్మా," అని ఏడుస్తున్నాడు. మా ఆయన కళ్ళు నా మీద లేవు. జెండా మీద ఉన్నాయి.

ఏడుపు విని ఓబులేసు వెనక్కి తిరిగినాడు. నన్ను చూసినాడు. మళ్ళీ వచ్చినావా అక్కా అన్నట్టు బాధగా తల అడ్డంగా ఊపినాడు. జెండాను ఇంకొంచెం పైకి ఎత్తినాడు.

వ్యాను ముందు చక్రం తిరిగింది. గుట్ట పక్కన మొగిలి మూడో విజిల్ కోసం రొమ్ము నిండా గాలి పీల్చుకోవడం అంత దూరం నుంచి కూడా నాకు కనపడింది.